బొంత మీద సంతకం

ఇంగ్లీషువారు క్విల్టు అనే వస్తువుకు మన భాషలో దగ్గరి మాట బొంత. రెండు బట్టల నడుమ దూదినో, ఉన్నినో, పాత గుడ్డలనో పరచి, ఆ పొరలు కదలకుండా కుట్టినది ఏదైనా ఈ జాతిలోనిదే. పై పొరను చిన్న చిన్న ముక్కలు జతచేసి తయారుచేస్తే దానిని ప్యాచ్‌వర్కు అంటారు. చెప్పడానికి ఇంతే. కాని ఈ ముక్కల వెనుక నాలుగు వందల ఏళ్ళ వర్తకమూ, నిషేధాలూ, స్నేహాలూ, అన్యాయాలూ దాగి ఉన్నాయి. కొన్నేళ్ళుగా తీరిక వేళల్లో ఈ పని చేస్తున్నదానిని కనుక, దాని చరిత్రను నాకు తెలిసినంతలో ఒకచోట పెట్టాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక అపోహను పక్కకు జరపాలి. క్విల్టు ఎలా పుట్టిందని అమెరికాలో అడిగితే తరచు వినబడే కథ ఒకటున్నది. వలస వచ్చిన తొలి తరాల స్త్రీలు, చలికి వణుకుతూ, చిరిగిన బట్టల్లో పనికివచ్చే పేలికలను ఏరి, అతికి, పిల్లలకు కప్పారట. పొదుపులోంచి అందం పుట్టిందన్నమాట. ముచ్చటైన కథే కాని సాక్ష్యాలు అటు మొగ్గవు. 18వ శతాబ్దపు అమెరికాలో మరణానంతరం రాసిన ఆస్తి జాబితాలను పరిశీలించినవారు, క్విల్టులు ఎక్కువగా కలిగినవారి ఇళ్ళలోనే ఉండేవనీ, వాటికి మంచి వెల కట్టేవారనీ తేల్చారు. సామాన్యులు కప్పుకున్నవి ఉన్ని కంబళ్ళు. ఇప్పటికీ మిగిలిన పాత క్విల్టులలో ఒకటి 14వ శతాబ్దం చివర సిసిలీలో కుట్టినది. ట్రిస్టన్ వీరగాథలోని ఘట్టాలను దూదితో ఉబ్బెత్తుగా నిలబెట్టిన ఆ దుప్పటి చలికోసం పుట్టినది కాదు. బ్రిటన్‌లో 1718 అన్న సంవత్సరం కుట్టి ఉన్న ప్యాచ్‌వర్కు దుప్పటి ఒకటి ఉన్నది. అది పట్టు ముక్కలతో చేసినది. పేదరికం పట్టు కత్తిరించదు కదా!

వాడి వాడి చిరిగిపోయినవి మిగలవు, నిజమే. అవసరానికి కుట్టినవారు ఎప్పుడూ ఉన్నారు. వారి సంగతికి తరువాత వస్తాను. అయితే "దుకాణంలో దుప్పటి దొరుకుతుండగా నీకెందుకమ్మా ఈ గుడ్డముక్కల పని?" అని అడిగే బంధువులకు చెప్పదగిన జవాబు మాత్రం ఇక్కడ ఉన్నది. తీరిక, ముచ్చట, కొత్త బట్ట కోసం అంగళ్ళు తిరగడం, నలుగురు కూడి కుట్టడం అనేవి ఈ కాలపు వేడుకరులు కనిపెట్టినవి కావు. ఈ కళలో అవి తొలినుంచీ ఉన్నాయి.

ఆ అంగళ్ళలో దొరికిన బట్టలలో అందరూ కోరినది మన తీరం నుంచి వెళ్ళింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచింది. కొద్ది ఏళ్ళ ముందే డచ్చివారు అక్కడికి చేరారు. వారిని ఆకర్షించినది కలంతో గీసి, రంగులద్దిన నూలుబట్ట. కృష్ణ డెల్టాలో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. యూరపులో అప్పటికి నూలుమీద అంత నిలకడైన రంగులు వేయడం చేతకాదు. ఆ బట్టను ఇంగ్లీషులో చింట్జ్ అన్నారు. చెట్టూ, పూలూ, పిట్టలూ నిండిన పెద్ద మంచపు దుప్పట్లను పలంపోరు అన్నారు; అది పలంగ్‌పోష్ అన్న మాట నాలుక తిరగక మారిన రూపం.

ఈ మోజు అక్కడి నేతగాళ్ళ కడుపు మీద కొట్టింది. ఫ్రాన్సు 1686లోనే రంగుల నూలుబట్టలను నిషేధించింది. లండనులో 1719లో పట్టు, ఉన్ని నేతవారు వీధులకెక్కి, చింట్జ్ దుస్తులు వేసుకున్న స్త్రీల మీద పడి బట్టలు చించారు. 1721లో పార్లమెంటు చట్టం చేసింది: 1722 క్రిస్మసు నుంచి అద్దకపు నూలుబట్ట కట్టరాదు, ఇంట్లో పరచరాదు. ఆ చట్టం 1774 దాకా నిలిచింది. బట్ట అరుదైనకొద్దీ ముక్క విలువ పెరగడం సహజం. 18వ శతాబ్దం చివరికి అట్లాంటికుకు రెండు వైపులా ఒక పద్ధతి బలపడింది. చింట్జ్‌లోని పువ్వునూ, పిట్టనూ అంచువెంట కత్తిరించి, తెల్లని బట్టమీద పరచి కుట్టడం. ఒక్క గజం ఖరీదైన బట్ట మంచమంతా పరచుకునేది. మ్యూజియంలో అటువంటి క్విల్టు ముందు నిలబడినప్పుడల్లా, ఆ ఎరుపు ఏ కృష్ణా తీరపు మడుగులో ఉతికినదో కదా అనుకుంటాను. కుట్టినవారి పేరు చీటీమీద ఒక్కొక్కసారి ఉంటుంది. అద్దినవారి పేరు ఉండదు.

తీరిక వేళల్లో ముక్కలు కుట్టినవారిలో లోకమెరిగిన పేరు ఒకటి చెప్పాలంటే జేన్ ఆస్టిన్ పేరు చెప్పాలి. ఆమె, తల్లి, అక్క కసాండ్రా కలిసి కుట్టిన దుప్పటి ఇంగ్లండులోని చాటన్‌లో ఆమె నివసించిన ఇంట్లో ఉన్నది. సన్నని చుక్కల బట్ట నడుమ వజ్రాకారపు ముక్కలు, మధ్యలో పూలబుట్ట. 1811 మే 31న ఊరెళ్ళిన అక్కకు రాసిన ఉత్తరంలో, ప్యాచ్‌వర్కుకు ముక్కలు పోగుచెయ్యడం మరిచిపోలేదు కదా, ఇక్కడ మా పని ఆగిపోయింది, అన్న అర్థం వచ్చే మాట ఒకటి రాసింది. ఆ ఏడాదే ఆమె తొలి నవల అచ్చయింది. సాహిత్య చరిత్రకారులకు 1811 అంటే ఆ నవల. నాకు మాత్రం ఆ నవల పక్కనే, గుడ్డముక్కల కోసం అక్కకు పురమాయించే చెల్లెలు కూడ కనిపిస్తుంది. నవల రాసిన చేతికి ఆ పని చిన్నదిగా తోచలేదు.

అటుపైన 1840ల అమెరికా. ఈ దశాబ్దంలో స్నేహితుల క్విల్టు ఒక వెల్లువలా వచ్చింది. ఒక్కొక్కరు ఒక్కొక్క చదరం కుట్టి, దానిమధ్య తమ పేరూ, ఊరూ, ఒక్కొక్కసారి చిన్న ఆశీర్వచనమూ సిరాతో రాసేవారు. వీటిలో బాల్టిమోరు నగరపువి మిక్కిలి ప్రసిద్ధం. ఈ వెల్లువకు కారణాలలో ఒకటి ఎవరూ ఊహించనిది: సిరా. అంతకు ముందటి ఇనుపసిరా బట్టను తినివేసేది. బట్టకు హాని చెయ్యకుండా నిలిచే సిరా అంగళ్ళలోకి వచ్చాక పేరు కుట్టవలసిన పని లేక, రాయడం సాధ్యమయింది. రెండవ కారణం ఎడబాటు. కుటుంబాలు బళ్ళు కట్టుకొని పడమటికి తరలిపోతున్న కాలమది. వెళ్ళినవారు తిరిగివస్తారన్న ఆశ తక్కువ. ఫొటో తీయించడం అందరికీ అందుబాటులో లేదు. పక్కింటివారి చేతిరాతను మడతపెట్టి వెంట తీసుకుపోవడానికి క్విల్టును మించిన కాగితం ఏమున్నది?

ఈ పద్ధతి చచ్చిపోలేదని నా అనుభవంలోంచి చెప్పగలను. నేనుండే అమెరికా ఊరిలో ఆరుగురం వారానికొకసారి కూడి కుడతాము. మొన్న నా పుట్టినరోజు పడిన వారంలో నేను చేసిన పనులు వరసగా రాస్తే ఇంటి ఖర్చుల చిట్టాలా ఉంటుంది. సోమవారం గుండ్రటి కత్తికి కొత్త బిళ్ళ కొన్నాను. 1979లో జపానులో పుట్టిన ఈ చిన్న చక్రం రాకముందు ప్రతి ముక్కా కత్తెరతో కత్తిరించవలసిందే. మంగళవారం అస్తరుకు సరిపోయే బట్ట దొరకక రెండు దుకాణాలు తిరిగాను. బుధవారం నలుగురు స్నేహితురాళ్ళు వచ్చి, భోజనాల బల్లమీద నా క్విల్టు మూడు పొరలనూ పరచి, పిన్నీసులు పెట్టి వెళ్ళారు. ఒంటరిగా రెండు రోజులు పట్టే పని మాటల్లో పడి రెండు గంటల్లో అయిపోయింది. శుక్రవారం తపాలా కచేరి, బియ్యం, మందులు. ఆదివారం పుట్టినరోజు.

కానుకగా ఐదుగురూ తలా ఒక చదరం తెచ్చారు. అన్నీ మైత్రీ నక్షత్రం అనే పాత నమూనావే. నడుమ తెల్లటి ముక్క సంతకానికి. మాలో పెద్దావిడకు చూపు మందగించింది. సూదిలో దారం మేమే ఎక్కిస్తాము. ఆవిడ పేరులో అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మళ్ళీ రాస్తానని ముక్క అడిగితే నేను ఇవ్వలేదు. ఇంకొకరు వేసవి చివర వేరే రాష్ట్రానికి తరలిపోతున్నారు. బళ్ళు లేవు, సెల్‌ఫోను ఉన్నది, ముఖం చూస్తూ మాట్లాడవచ్చు. అయినా ఆ సంతకాన్ని వేలితో తడిమినప్పుడు 1840ల స్త్రీలు ఏమి కోరుకున్నారో నాకు అర్థమయింది.

ఇక సంతకం దక్కనివారి సంగతి. హారియెట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిలు కథలను బొమ్మలుగా కత్తిరించి ఆమె కుట్టిన క్విల్టును 1886లో ఏథెన్స్ పట్టణపు పత్తి ప్రదర్శనలో జెన్నీ స్మిత్ అనే చిత్రకళ ఉపాధ్యాయురాలు చూసి, అమ్మమని అడిగింది. హారియెట్ ఒప్పుకోలేదు. 1891లో చేతిలో డబ్బు ఆడక, పది డాలర్లకు ఇస్తానన్నది. కొన్నావిడ ఐదే ఇవ్వగలనన్నది. ఐదుకే ఇచ్చి, ఒక్కొక్క చదరం అర్థమేమిటో విప్పి చెప్పింది. జెన్నీ స్మిత్ ఆ మాటలు రాసిపెట్టుకోబట్టే ఈనాడు ఆమె ఆలోచన మనకు తెలుస్తున్నది. తరువాత కూడ ఆమె తన క్విల్టును చూసుకోవడానికి అప్పుడప్పుడు ఆ ఇంటికి వచ్చేదట. ఇప్పుడది స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నది.

1933లో సియర్స్ కంపెనీ షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జాతీయ పోటీ పెట్టింది. దాదాపు 24,000 క్విల్టులు వచ్చాయి. ఘోరమైన మాంద్యపు రోజుల్లో మొదటి బహుమతి 1,200 డాలర్లు. కెంటకీకి చెందిన మార్గరెట్ కేడెన్ గెలిచింది. ఆ క్విల్టును ఆమె కుట్టలేదు. కూలికి కుట్టిన స్త్రీలకు బహుమతిలో వాటా రాలేదు. బతుకుతెరువు పోతుందన్న భయంతో వారు నోరు విప్పలేదు.

అలబామాలో నది మెలిక తిరిగినచోట గీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. బానిసల సంతతివారు అక్కడ పొలంపనికి తొడిగి చిరిగిన బట్టలతో క్విల్టులు కుట్టారు. ఇది అచ్చంగా అవసరం. 1960లలో ఓటు హక్కు కోసం కదిలిన ఆ ఊరికి 1962లో పడవ ఆపేశారు. మళ్ళీ 2006లో గాని పడవ నడవలేదు. ఆ చుట్టుపక్కల స్త్రీలు 1966లో సహకార సంఘం పెట్టుకొని క్విల్టులు అమ్మారు. 2002లో హ్యూస్టను కళాప్రదర్శనశాల వారి క్విల్టులను గోడలకెక్కించినప్పుడు, ఆధునిక చిత్రకళతో సాటివస్తాయని విమర్శకులు రాశారు. తీరికలో పుట్టినదే కళ అనే అహంకారం నాకెప్పుడైనా కలిగితే ఈ పల్లె గుర్తుకు వస్తుంది. తీరిక, అవసరం రెండూ కుట్టించాయి. తేడా వచ్చింది కుట్టులో కాదు, ఎవరి పేరు నిలిచిందన్న దానిలో.

ఈ లోటు గ్రహించి 1981లో కెంటకీ రాష్ట్రంలో కొందరు ఒక పని మొదలుపెట్టారు. ఇళ్ళలోని పాత క్విల్టులు తీసుకురండని ఊరూరా ప్రజలను పిలిచి, ఫొటో తీసి, ఎవరు కుట్టారు, ఎప్పుడు, ఎవరికోసం అన్నది రాసుకున్నారు. చూసి మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. క్విల్టు వెనుక పేరూ తేదీ రాసిన చిన్న గుడ్డ కుట్టాలన్న పట్టుదల మా బృందంలో ఇప్పటికీ ఉన్నది.

మన బొంతలకు ఇటువంటిది జరిగినట్టు నేను వినలేదు. బెంగాలీ కంథల మీదనైనా అక్కడక్కడ కుట్టినవారి పేర్లున్నాయి. మనకు "గంతకు తగ్గ బొంత" అన్న ఎగతాళి సామెత ఒకటి మిగిలింది. మా అమ్మమ్మ కుట్టిన బొంత మా అమ్మ దగ్గర ఉన్నది. నాలుగు నూలు చీరలు, రెండు పంచెలు, పొడుగు కుట్లు. కొలత గీసిన జాడ లేదు గాని వరస తప్పలేదు. పోయినసారి వెళ్ళినప్పుడు దానిని వెలుతురులో పరచి, ఏ ముక్క ఎవరిదని అమ్మను అడిగాను. అమ్మ నాలుగింటిలో మూడు చీరలు గుర్తుపట్టింది. ఒకటి అమ్మ పురిటికి వచ్చినప్పుడు కట్టినది, ఒకటి చిన్నతాతయ్య గుంటూరు నుంచి తెచ్చినది, ఒకటి మాసికలు వేసి వేసి ఇక కట్టలేక విడిచినది. నాలుగవది ఎవరిదో చెప్పగలిగిన పెద్దమ్మ రెండేళ్ళ కిందట పోయింది. తెలిసినంత తెల్లగుడ్డమీద రాసి, అమ్మమ్మ పేరుతో సహా వెనుక కుట్టాను. నాలుగవ చీర పక్కన ఖాళీ ఉంచాను.

చదువరులను ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో బొంత ఉంటే, దానిని కుట్టినవారినో, కుట్టగా చూసినవారినో ఈ వారమే అడగండి. ఎవరి చీర, ఏ ఏడు, ఎవరి పురిటికి, కూలికి కుట్టించినదైతే ఆ కుట్టినామె పేరేమిటి. మీ ప్రాంతంలో దానిని ఏమంటారో, కుట్టుకు ఏ పేరున్నదో కూడ రాసి పంపండి. ఒక్క బొంతకు ఒక్క పేరు దొరికినా, ఆ మేరకు మన చరిత్రలో ఒక ఖాళీ తగ్గుతుంది.