రోగం రట్టు చేసిన ఆట

తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి... మా కావలి తీరంలో ఒకప్పుడు నాటకమంటే తిరునాళ్ల నాటకమే. అద్దె తెరలు, హార్మోనియం, తెల్లవార్లూ పద్యాలు. వన్స్‌మోర్ కొట్టేది మగవాళ్లు. చాపలేసుకుని ఓ పక్కన కూర్చున్న ఆడవాళ్లు హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి కోసం ఏడ్చి ఇళ్లకు పోయేవాళ్లు. తమ ఏడుపు ఎవరికీ చెప్పుకునేవాళ్లు కాదు.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. దాన్ని ఊరూరా చాటింది కళాజాతాలు. ఈ ఒరవడి కేరళది. అక్కడి శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980 నుంచే పాటలు, నాటికలతో పల్లెలు తిరిగేది. కళాజాతాకు తెరా లేదు, టిక్కెట్టూ లేదు. డప్పు మోగితే చాలు, జనం చుట్టూ చేరతారు. పాట, బుర్రకథ, చిన్న నాటిక. అందులో రాజులు లేరు, ఎదురింటి కాపురాలే ఉన్నాయి.

ఆట అయ్యాక మాట మొదలయ్యేది. అక్షరదీపం రాత్రి బడిలో సారా తెచ్చే కష్టాల మీది ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన ఆడవాళ్లకు అది తమ కథే అనిపించింది. ‘వారుణివాహిని’ అనే ప్రభుత్వ పథకం పేరుతో సారా పల్లెల్లోకి చొరబడిన రోజులవి. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే సారా కొట్టుకు పోయేవి. తన్నులు తిన్నా బయటికి చెప్పుకోవడం నామోషీ. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అంటారు పెద్దలు. సారా ఇంటి గుట్టు కాదు, ఊరి రోగమని నలుగురిలో తేల్చింది ఈ ఆటలూ పాఠాలే.

కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు. ఆ గెలుపు మళ్లీ వాచకంలో పాఠమై ఊళ్లకు చేరింది. 1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చూసేవాళ్లే ఆటలోకి దిగాలని బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ వాదించాడు. ఆయన పేరైనా వినని మా పల్లెల్లో అదే జరిగింది.

1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. తాగుడు మళ్లీ మొదటికొచ్చింది. కానీ సారా మీద ఒక్కటైన ఆడవాళ్లు పొదుపు లక్ష్మి సంఘాలు కట్టి, రోజుకో రూపాయి దాచారు. నిషేధం ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వమే తీసేసింది. నలుగురిలో నోరు విప్పే ధైర్యం వాళ్లు సొంతంగా సంపాదించుకున్నది, అది పోలేదు.

మా ప్రాంత నాటక చరిత్ర రాసేవాళ్లు కిరీటాలు పెట్టుకున్న నటుల దగ్గరే ఆగిపోతున్నారు. మనుషుల్ని ఏడిపించిన నాటకానికి ఎన్ని పేజీలు ఇస్తారో, ఏడుపు మాని మాట్లాడమన్న ఈ ఆటకూ అన్ని ఇవ్వాలి.