ప్రత్యేక విద్య ఉపాధ్యాయ కోర్సులు: ఖర్చు, రాబడి

వినికిడి లోపం, చూపు లోపం, మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులను తయారుచేసేవి ప్రత్యేక విద్య డీఎడ్, బీఎడ్ కోర్సులు. డీఎడ్‌కు ఇంటర్మీడియట్, బీఎడ్‌కు డిగ్రీ అర్హత. రెగ్యులర్‌గా చదివితే రెండూ రెండేళ్ళ కోర్సులే. సాధారణ డీఎడ్, బీఎడ్‌లకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపు ఎలాగో, వీటికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు అలాగ. సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) వంటి గ్రామీణ మండలం నుంచి వెళ్ళి ఈ చదువు చదివేవారికి ఖర్చు ఎక్కడ పడుతుంది, రాబడి ఎప్పుడు మొదలవుతుంది అన్నదే ఈ వ్యాసం విషయం. ఈ లెక్కలో ఫీజు చిన్న పద్దు. పట్టా చేతికొచ్చాక ఉద్యోగం కోసం ఆగాల్సిన కాలమే పెద్ద పద్దు.

ఆత్మకూర్ (ఎస్) 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆత్మకూర్ (ఎం) వేరే మండలం. నెమ్మికల్, ఏపూర్, గట్టికల్లు వంటి ఊళ్ళున్న ఈ ప్రాంతం వ్యవసాయం మీద బతికేది. పై చదువైనా, పెద్దాసుపత్రి పనైనా సూర్యాపేటకో, అది దాటి హైదరాబాద్‌కో పోవాల్సిందే.

చట్టం, గుర్తింపు

ఆర్‌సీఐ చట్టం 1992లో వచ్చింది. ఈ చట్టం ప్రకారం మండలి గుర్తించిన అర్హత సంపాదించి, కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకున్నవారే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయాలి. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నమోదు ఒకసారి చేయించుకుంటే జీవితాంతం చెల్లేది కాదు. మధ్యమధ్య శిక్షణ సదస్సులకు హాజరై పాయింట్లు కూడబెట్టుకుని పునరుద్ధరించుకోవాలి. ఆ సదస్సుల ఫీజు, ప్రయాణం కూడా ఖర్చులో రాసుకోవలసినవే.

ఒక సంస్థకు గుర్తింపు ఉందా, ఏ విభాగంలో ఉంది, ఏ సంవత్సరం దాకా ఉంది అన్న మూడు సంగతులూ ఆర్‌సీఐ జాబితాలో చూసుకోకుండా ఫీజు కట్టకూడదు. గుర్తింపు లేని చోట చదివితే రెండేళ్ళ కాలమూ డబ్బూ పోతాయి, ఆ పట్టాతో ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీకి దరఖాస్తు కూడా పెట్టలేరు.

చదువు దొరికే చోట్లు

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ దేశంలోనే పేరున్న కేంద్రం. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, తర్వాత పేరు మార్చుకుంది. డీఎడ్ నుంచి ఎంఎడ్ దాకా ఇక్కడ చదవవచ్చు. వినికిడి లోపానికి సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. డిగ్రీ పూర్తయి ఏదో ఒక పని చేసుకుంటున్నవారికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పెట్టి దూరవిద్యలో ప్రత్యేక బీఎడ్ ఇస్తోంది. దీనికి రెండేళ్ళకన్నా ఎక్కువ పడుతుంది, సంపాదన మాత్రం ఆగదు. దూరవిద్య అన్నంత మాత్రాన ఇంట్లో కూర్చుని పూర్తయ్యేది కాదు. పిల్లలతో బోధనాభ్యాసం, కేస్ స్టడీలు, రికార్డులు తప్పవు.

ఖర్చు

ప్రభుత్వ సంస్థలకూ ప్రైవేటు కళాశాలలకూ ఫీజులో తేడా ఉంటుంది, ఏటా మారుతుంది కూడా. అయినా మండలం నుంచి వెళ్ళే విద్యార్థిని కుంగదీసేది చాలాసార్లు ఫీజు కాదు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 135 కిలోమీటర్లు, రోజూ వెళ్ళివచ్చే దూరం కాదు. గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలు తప్పవు. చార్టులు, బోధన సామగ్రి ఎవరికి వారే తయారు చేసుకోవాలి. వీటన్నిటికీ మించి రెండేళ్ళ సంపాదన పోతుంది.

లెక్క ఎలా వేసుకోవాలో చూపడానికి ఒక ఊహ: నెలకు రూ.10,000 వచ్చే పని మానేసి వెళ్ళినవారికి 24 నెలల్లో పోయేది రూ.2,40,000. గదికీ తిండికీ నెలకు రూ.5,000 చొప్పున మరో రూ.1,20,000. ఫీజు కలపకముందే మొత్తం రూ.3,60,000. ఎవరి అంకెలు వారు వేసుకోవలసిందే గాని, పద్దులు మాత్రం ఇవే. రెగ్యులర్ కోర్సుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో చేరకముందే కళాశాలలో అడిగి తేల్చుకోవాలి. దూరవిద్యకు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

రాబడి

తెలంగాణలో 2020 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) స్కేలు రూ.31,040తో, స్కూల్ అసిస్టెంట్ స్కేలు రూ.42,300తో మొదలవుతాయి. ఇవి మూల వేతనాలే. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. ఎస్‌జీటీ మూల వేతనం ఒక్కటే ఏడాదికి రూ.3,72,480. పై ఊహలో ఫీజు కాక తేలిన ఖర్చంతా ఇంచుమించు ఒక ఏడాది మూల వేతనానికి సమానం. ఉద్యోగం వెంటనే వచ్చేటట్టయితే ఇంత త్వరగా ఖర్చు తిరిగొచ్చే చదువులు తక్కువ.

అయితే ఉద్యోగం వెంటనే రాదు. 2017 అక్టోబరు నాటి ఉపాధ్యాయ నియామక పరీక్ష (టీఆర్‌టీ) ప్రకటన తర్వాత 2023 సెప్టెంబరులో ఒక ప్రకటన వెలువడి రద్దయింది. నియామకాల దాకా వెళ్ళింది 2024 ఫిబ్రవరి 29 నాటి డీఎస్సీ ప్రకటనే. మధ్యలో ఆరేళ్ళకు పైగా గడిచాయి. ఆ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు. వాటిలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు ఇచ్చారు. ఇలా విడిగా పోస్టులు ఇవ్వాలనే ఈ విభాగం వారు ఏళ్ళ తరబడి అడిగారు. డీఎడ్ అర్హతతో వచ్చే ఎస్‌జీటీ పోస్టులు మూడు రెట్లకు పైగా ఉన్నాయి గనుక, ఇంటర్ పూర్తి చేసి ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు డీఎడ్ చిన్న చదువని తీసిపారేయడం పొరపాటు. డిగ్రీ, బీఎడ్ కలిపి అయిదేళ్ళు పట్టే చోట డీఎడ్ రెండేళ్ళలో పూర్తవుతుంది.

ఆగే కాలంలో ఎక్కువమందికి ఆధారం పాఠశాల విద్యకు సంబంధించిన ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్‌పీలు) ఒప్పందం మీద ఉన్నవారే. చదువు రెగ్యులర్ ఉపాధ్యాయుడి చదువే, పని అంతకు తక్కువ కాదు, జీతం మాత్రం దానికి చాలా దూరం. ఇది అన్యాయమని చెప్పడానికి వెనకాడనక్కరలేదు. ఉద్యోగ భద్రత కోరుతూ 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మె చేశారు.

ప్రైవేటులో సంపాదన ఎక్కువగా హైదరాబాద్‌లోని ప్రత్యేక పాఠశాలల్లో, థెరపీ సెంటర్లలో ఉంది. సీబీఎస్ఈ అనుబంధ పాఠశాలలు ప్రత్యేక ఉపాధ్యాయుడిని పెట్టుకోవాలన్న నిబంధన ఉంది. ప్రభుత్వ పాఠశాలల్లో ఈ ప్రాంతంలో చెప్పుకోదగింది మిర్యాలగూడలోని ప్రభుత్వ బధిరుల ఆశ్రమ పాఠశాల. అమెరికా వెళ్ళాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, ఆర్‌సీఐ నమోదు అక్కడ నేరుగా చెల్లదు.

పని తీరు

ఈ పట్టా విలువను జీతం పట్టికలోనే చూస్తే సగమే తెలుస్తుంది. మేధో వైకల్యం ఉన్న పాపకు చేతులు కడుక్కోవడం నేర్పాలంటే ఉపాధ్యాయురాలు ఆ పనిని ముక్కలు చేస్తుంది. కుళాయి తిప్పడం, చేయి తడపడం, సబ్బు అందుకోవడం, రుద్దడం, కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం. ఏ మెట్టు తనంతట చేస్తోంది, ఏది నోటితో చెబితే చేస్తోంది, ఏది చేయి పట్టి చేయించాలి అన్నది రోజూ రాసుకుంటుంది. ఆ పాపకంటూ వేరే ప్రణాళిక ఉంటుంది, కొన్ని నెలలకోసారి తిరిగి చూస్తారు. చూపులేని బాబుకు బ్రెయిలీ, లెక్కలకు అబాకస్, టేలర్ ఫ్రేమ్ నేర్పాలి. కేంద్రానికి రాలేని పిల్లల దగ్గరికి తానే ఇంటికి వెళ్ళాలి.

పల్లెలో ఇంకొక పని కలుస్తుంది. వైకల్య ధ్రువీకరణకు జరిగే సదరం శిబిరం ఎప్పుడో చెప్పాలి, సర్టిఫికెట్‌కు ఏం కాగితాలు కావాలో చూడాలి, వినికిడి యంత్రం ఇచ్చే శిబిరానికి పిల్లను తీసుకురమ్మని తల్లిని ఒప్పించాలి. కూలికి పోయే తల్లికి శిబిరమంటే ఒక రోజు కూలి పోవడమే. ఈ బతిమాలడానికి జీతంలో పద్దు లేదు. పల్లెల్లో చాలామంది పిల్లలు బడి మెట్లెక్కింది మాత్రం దీనివల్లే.

సుప్రీంకోర్టు తీర్పు

రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో వైకల్యం ఉన్న పదిమంది పిల్లలకు ఒకరు, పై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. మరుసటి ఏడాది కేంద్రం ఈ నిష్పత్తిని విద్యాహక్కు చట్టం షెడ్యూలులో చేర్చింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న కోర్టు మళ్ళీ ఆదేశించింది: పోస్టులు ప్రకటించాలి, ఒప్పందం మీద ఏళ్ళుగా పనిచేస్తున్న అర్హులను స్క్రీనింగ్ కమిటీ ద్వారా పరిశీలించాలి. అందుకే ఒప్పంద ఉద్యోగంలో ఉన్నవారు నియామక ఉత్తర్వులు, హాజరు, ఆర్‌సీఐ పునరుద్ధరణ కాగితాలు ఏదీ పోగొట్టుకోకూడదు.

ఎవరికి ఏ దారి

ఎస్‌జీటీ, స్కూల్ అసిస్టెంట్ పోస్టులు జిల్లా స్థాయివి. 95 శాతం స్థానికులకే. సూర్యాపేట జిల్లా అభ్యర్థి పోటీ ప్రధానంగా సొంత జిల్లావారితోనే, జిల్లాకు వచ్చే పోస్టులు కూడా కొద్దిగానే ఉంటాయి. 2024 డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)కు 20 మార్కుల వెయిటేజీ ఇచ్చారు కనుక టెట్‌లో మంచి మార్కులు తెచ్చుకోవడం చదువుతున్నప్పుడే చేయదగ్గ పని.

ఇంటి మీద అప్పు ఉన్నవారు వడ్డీకి తెచ్చి ఖరీదైన ప్రైవేటు సీటు కొనకూడదు. డీఎస్సీ రాని ప్రతి ఏడూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇంటర్ అయినవారికి ప్రభుత్వ సంస్థలో డీఎడ్, పనిలో ఉన్న డిగ్రీవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయం బీఎడ్ తక్కువ నష్టంతో గడిచే దారులు. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46 ఏళ్ళు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ళు, దివ్యాంగులకు పదేళ్ళ సడలింపు ఉండటంతో పెళ్ళయి పిల్లలు పెద్దయ్యాక ఈ చదువుకు వచ్చే ఆడవాళ్ళకు కూడా దారి మూసుకుపోలేదు.