మొదటి రౌండుకు 156 డాలర్లు

1968 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో టెన్నిస్ అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ తొలిసారి ఒకే డ్రాలో తలపడ్డారు. అప్పటిదాకా బహిరంగంగా డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు వింబుల్డన్ ఛాంపియన్‌షిప్ తలుపులు మూసే ఉండేవి. బోర్న్‌మత్‌లో పురుషుల టైటిల్ గెలిచిన కెన్ రోజ్‌వాల్ 1,000 పౌండ్లు అందుకున్నాడు. మహిళల విజేత వర్జీనియా వేడ్ ఇంకా అమెచ్యూర్ కాబట్టి తనకు దక్కాల్సిన 300 పౌండ్లు వదులుకుంది.

అంతకుముందు అమెచ్యూర్లకు డబ్బు ముట్టేది కాదని కాదు. ‘ఖర్చులు’ అనే పేరుతో నిర్వాహకులు చాటుగా చేతిలో పెట్టేవారు. కాకపోతే అది జనాన్ని రప్పించగల పేరున్నవాళ్లకే. జాక్ క్రామర్ ప్రొఫెషనల్ బృందంలో చేరమని పిలిస్తే మన రామనాథన్ కృష్ణన్ కాదన్నాడు. అలాంటి పిలుపు అందుకునే స్థాయి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే ఉండేది. ఇద్దరూ కలిసి ఆడే ఓపెన్ యుగం వచ్చాక డబ్బు బయటికి కనిపించసాగింది. అది పై మెట్టు దగ్గరే ఆగిపోవడం మాత్రం మారలేదు.

1973 ఆగస్టులో పురుష ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘం ఏటీపీ కంప్యూటర్ ర్యాంకింగ్స్ మొదలయ్యాయి. ఇలీ నస్టాసే తొలి నంబర్ వన్. ఏ టోర్నీలో ఎవరికి చోటు అన్నది ఇక ర్యాంకే తేల్చేది. ర్యాంకు కావాలంటే పాయింట్లు, పాయింట్ల కోసం ఊరూరా తిరగడం, తిరగడానికి డబ్బు. కింద ఉన్నవాళ్ల కోసం 1978లో ఛాలెంజర్ టోర్నీలు, 1998లో ఇంకా కింద ఫ్యూచర్స్ టోర్నీలు వచ్చాయి. ఫ్యూచర్స్‌లో చిన్న టోర్నీకి మొత్తం ప్రైజ్ మనీ 10,000 డాలర్లు. 2017లో దాన్ని 15,000 చేశారు. అమెరికాలో ఆ మధ్యకాలపు ధరల పెరుగుదలతో పోల్చి చూస్తే ఆటగాడికి ఒక్క డాలరు కూడా పెరగనట్టే.

ఆ 15,000 డాలర్ల టోర్నీని కాస్త దగ్గరగా చూడాలి. సింగిల్స్ మెయిన్ డ్రాలో 32 మంది. టైటిల్ గెలిచినవాడికి 2,160 డాలర్లు, మొదటి రౌండులో ఓడినవాడికి 156. అందులోంచి టోర్నీ జరిగే దేశపు పన్ను కోసుకుంటారు. మిగిలిన దాంట్లోనే గది, తిండి, స్ట్రింగ్స్, వచ్చేవారం టోర్నీకి ప్రయాణం. మంగళవారమే ఓడతాడో, ఆదివారం ఫైనల్ దాకా ఉంటాడో తెలియదు కాబట్టి ముందుగా చౌక టికెట్ కొనిపెట్టుకునే వీలు కూడా ఉండదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు వదులుకునేది కోచ్‌నే. ఎదగడానికి అందరికంటే ఎక్కువ కోచ్ అవసరమైన వయసులో కుర్రాళ్లు ఒంటరిగా తిరుగుతుంటారు.

2013 లెక్కలతో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య చేయించిన అధ్యయనంలో తేలింది ఇది: కోచ్ జీతం కలపకుండానే పురుష ఆటగాడికి ఏడాదికి సగటు ఖర్చు 38,800 డాలర్లు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే పురుషుల్లో 336, మహిళల్లో 253 లోపు ర్యాంకు ఉండాలి. ర్యాంకింగ్ జాబితా పొడవు చూస్తే ఇదెంత దారుణమో తెలుస్తుంది.

ఇక్కడే పందేలవాళ్లు అడుగుపెట్టారు. చిన్న టోర్నీల లైవ్ స్కోర్లను సమాఖ్య 2012లో స్పోర్ట్‌రాడార్ సంస్థకు అమ్మింది. గ్యాలరీలో నలుగురు కూడా లేని మ్యాచ్ మీద ప్రపంచంలో ఏ మూల నుంచైనా పందెం కాయడం సులువైంది. ఆడేవాడికి బస ఖర్చు కూడా రాదు, అతని ప్రతి పాయింటూ మరొకరికి సరుకు. మ్యాచ్ ఫిక్సింగ్‌పై 2018లో స్వతంత్ర కమిటీ ఇచ్చిన నివేదిక ఆటగాళ్ల లేమిని, ఈ స్కోర్ల అమ్మకాన్ని కలిపే చూసింది.

సమాఖ్య అప్పటికి ఆలోచించిన మందు, ప్రొఫెషనల్స్ సంఖ్యనే తగ్గించడం. 2019లో అట్టడుగు టోర్నీలకు ఏటీపీ పాయింట్లు తీసేశారు. ఆటగాళ్లు భగ్గుమన్నారు. కొన్ని నెలలకే, ఆగస్టులో, పాయింట్లు వెనక్కి ఇవ్వక తప్పలేదు. పేదవాళ్లను జాబితాలోంచి తీసేస్తే పేదరికం పోతుందనుకోవడం అన్యాయమే.

సుమిత్ నాగల్ సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2023 సెప్టెంబరులో, దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడై ఉండి, తన ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. అంటే సుమారు 80,000 రూపాయలు. నాలుగు నెలలకే క్వాలిఫయింగ్ దాటి ఆస్ట్రేలియన్ ఓపెన్ మెయిన్ డ్రాలోకి వచ్చి, 31వ సీడ్ అలెగ్జాండర్ బుబ్లిక్‌ను ఓడించాడు. రెండో రౌండు చేరినందుకు 1,80,000 ఆస్ట్రేలియా డాలర్లు, దాదాపు 98 లక్షల రూపాయలు. ఏడాదికి తనకు ఎంత ఖర్చవుతుందని చెప్పుకున్నాడో, సుమారు అంతా ఒక్క టోర్నీలో వచ్చింది. ఆ మ్యాచ్ ఓడి ఉంటే?

2024 నుంచి ఏటీపీ ‘బేస్‌లైన్’ పేరుతో ఆదాయ హామీని ప్రయోగాత్మకంగా తెచ్చింది. ఆ తొలి ఏడాది హామీ టాప్ 100కు 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 దాకా లక్షన్నర, 176 నుంచి 250 దాకా 75,000. నిబంధనల మేరకు ఆడినా సంపాదన అంతకంటే తగ్గితే తేడాను ఏటీపీ భర్తీ చేస్తుంది. యాభై ఏళ్లు ఆలస్యమైనా మంచి పనే. అయితే ఇది సింగిల్స్ ర్యాంకులకే. 2016లో యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రా దాకా వెళ్లిన మన సాకేత్ మైనేని తర్వాతి కాలంలో ఎక్కువగా డబుల్స్‌లోనే కనిపించాడు. 2024లో అర్జున్ కాధేతో కలిసి అల్మాటీ టైటిల్ గెలిచిన హైదరాబాదీ రిత్విక్ చౌదరి బొల్లిపల్లిదీ డబుల్స్ దారే. ఆ దారిలో ప్రైజ్ మనీ తక్కువ, వచ్చింది ఇద్దరూ పంచుకోవాలి, హామీ మాత్రం వర్తించదు.