బొబ్బిలి స్తంభం

మన బడిలో బొబ్బిలి వైపు పిల్లలూ విజయనగరం వైపు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. అయినా బొబ్బిలి యుద్ధం పాఠం వచ్చిన రోజు మాత్రం ఇంటర్వెల్లులో రెండు జట్లయ్యేవాళ్ళం! 1964లో వచ్చిన రామారావు గారి సినిమా పుణ్యం కూడా అందులో కొంత ఉంది.

పాత కోట ఉన్న చోట ఇప్పుడొక స్మారక స్తంభం నిలిచి ఉంది. 1757 జనవరి 24న అక్కడ నేలకొరిగిన వారి గుర్తుగా 1891లో మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు గారు కట్టించారు.

తగాదా మొదలైంది పౌరుషం దగ్గర కాదు, వాగు నీళ్ళ దగ్గర. విజయరామరాజు గారి పొలాలకు పారే నీటిని బొబ్బిలివారు మళ్ళించుకుంటున్నారన్నది పాత ఫిర్యాదు. శిస్తు బకాయిల కోసం ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చినప్పుడు, ఆ పగ అతని ఫిరంగులకు అందివచ్చింది. 1778లో అచ్చయిన రాబర్ట్ ఓర్మ్ చరిత్రలో ఈ సంగతులన్నీ ఉన్నాయి.

కోట నిలవదని తెలిశాక లోపలి ఆడవాళ్ళనూ పిల్లలనూ కోటవారే చంపుకున్నారు. ఈ ఘట్టాన్ని బుర్రకథల్లో వీరరసంగా విని చప్పట్లు కొట్టినవాణ్ణే నేనూ. ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాక చప్పట్లు రావడం లేదు. ఆ తల్లుల్ని ఎవరైనా అడిగారా? రంగారావు గారి పసికొడుకును ఒక ముసలాయన మాత్రం, తండ్రి మాట కాదని బతికించి, ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. నా మటుకు ఆ రోజు నిజమైన సాహసం ఆయనదే. ఆయన పేరు ఓర్మ్ రాయలేదు.

మూడో రాత్రి విజయరామరాజు గారు తన డేరాలోనే పొడిచి చంపబడ్డారు. చంపినది తాండ్ర పాపారాయుడని మన కథలన్నీ చెబుతాయి.

విజయనగరం మిత్రులు చిన్నబుచ్చుకోకూడదు. 1794 జూలైలో పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి చిన్న విజయరామరాజు గారు ప్రాణాలు విడిచారు. బకాయిల పేచీయే అదీ. ఆ ఏడాదే కంపెనీవారు బొబ్బిలిని తిరిగి ఇచ్చింది చిన రంగారావు గారికి. ముసలాయన కాపాడిన ఆ పిల్లవాడికే.