బడి లెక్క అడిగే హక్కు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016 దాకా ఈ మూడు ఊళ్ళూ వరంగల్ జిల్లాలోవే. నిజాం కాలంలో ఇక్కడ సర్కారు చదువంటే ప్రధానంగా ఉర్దూలోనే. తెలుగే మాట్లాడే అమ్మానాన్నలకి పిల్లాడి పుస్తకం తెరిస్తే ఏమర్థమవుతుంది? తర్వాత బడి భాష మారింది గానీ, "అంతా సారుకే తెలుసు" అన్న అలవాటు పోలేదు.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి బడి కమిటీల్లోకి తల్లిదండ్రుల్ని తెచ్చింది. 2009 విద్యాహక్కు చట్టమైతే కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. బడికొచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో వీళ్ళు చూడొచ్చు.

తమాషా ఏంటంటే, ఎయిడ్ లేని ప్రైవేటు బళ్ళకి ఈ కమిటీ రూలే లేదు. లక్షల్లో ఫీజులు కట్టే మనకి లేని హక్కు, భూపాలపల్లిలో కూలికెళ్ళే అమ్మకుంది! ఆ సంగతి ఆమెకి తెలిస్తేనేగా? ఈసారి ఊరెళ్ళినప్పుడు మనమే చెబితే పోలా!