తినుట వేరు, ఒంటబట్టుట వేరు

వృద్ధులున్న ఇండ్లలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: "తినుచునే యున్నారు, ఒంటబట్టుట లేదు." ఈ మాటలోని నిజము తేలుటకు వైద్యశాస్త్రమునకు దాదాపు నూరేండ్లు పట్టినది.

1849లో లండను వైద్యుడు థామస్ ఆడిసన్ ఒక విచిత్రమైన పాండురోగమును వర్ణించెను. అది వయసు మీరినవారికే హెచ్చుగా వచ్చును. రోగి పాలిపోవును, నాలుక నున్నబడును, కాళ్లు తిమ్మిరెక్కును, తుదకు మరణము. 1926లో బోస్టను నగరమున మైనాట్, మర్ఫీ అను వైద్యులు ప్రతిదినము కాలేయమును తినిపించి ఇట్టి రోగులను బ్రదికించిరి. 1934లో వారికి, విపుల్ అను శాస్త్రజ్ఞునికి కలిపి నోబెల్ బహుమాన మిచ్చిరి.

అయినను ప్రశ్న మిగిలినది. ఆరోగ్యవంతులకు సామాన్యాహారము చాలుచుండగా, వీరి కంత కాలేయ మేల? ఆ నగరముననే విలియం కాసిల్ అను యువవైద్యుడు దీనిని పరీక్షించెను. (భోజనసమయమున చదువువారు మన్నింతురు గాక!) రోగులకు పది దినములు గొడ్డుమాంసము పెట్టెను, రక్తము మెరుగుపడలేదు. పిమ్మట తానే ఆ మాంసమును తిని, గంట గడచిన తరువాత కడుపులోనుండి వెలికి తీసి, మరికొంత జీర్ణింపజేసి, గొట్టము ద్వారా రోగుల జఠరమునకు పంపెను. కొలది దినములలో క్రొత్త రక్తకణములు పొడసూపెను. రోగి జఠరము స్రవింపవలసిన ద్రవ్య మేదియో లోపించినదని 1929లో ఆయన ప్రకటించెను.

అదే కాలమున బోస్టనులోని హార్వర్డు వైద్యకళాశాలలో పనిచేయుచుండినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒంటబట్టకపోవుట యనగా నేమో ఆయన కెవరును చెప్పనక్కరలేదు. ఆయన సోదరు లిరువురు గ్రహణివ్యాధికే బలియైరి. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలికామ్లము తయారైనది. అది గ్రహణిరోగులకు వరమైనది. ఆడిసన్ వర్ణించిన వ్యాధిలో మాత్రము రక్తము బాగుపడినను, నరముల క్షీణత ఆగలేదు. కాలేయములోని అసలు మందు 1948లో ఎర్రని స్ఫటికములుగా బయటపడినది. అదియే బి-12 విటమిను.

నేటి వైద్యు లెరిగిన దింకొకటి కలదు. ముసలితనమున పలువురి జఠరపు పొర పలుచబడి ఆమ్లము తగ్గును. ఆహారములోని బి-12 విడివడదు. ఇట్టివారికి మాత్ర సాధారణముగా చాలును. కాసిల్ కనుగొన్న ద్రవ్యమే లేనివారికి సూదిమందు గాని, మిక్కిలి హెచ్చు మోతాదు మాత్రలు గాని వలయును. మధుమేహమునకు చిరకాలము మెట్ఫార్మిన్ వాడువారిలోను ఈ కొరత కలుగవచ్చును. తాతగారి మతిమరుపును, అరికాళ్ల తిమ్మిరిని వయసుకు వదలివేయక, ఒక్కసారి రక్తపరీక్ష చేయించుట మేలు. ఆలస్యమైనచో నరములు పూర్తిగా కోలుకొనకపోవచ్చును.