నిద్రలేమిని కొలిచిన కథ

శివరాత్రి జాగరణ చేసినవారికి మరునాటి స్థితి వేరే చెప్పనక్కరలేదు. కళ్ళు మండుతాయి, చెప్పిన మాట చెవికెక్కదు, సులువైన లెక్క కూడా తప్పుతుంది. అయితే ఆ నష్టమెంత? దానిని మనుష్యులలో కొలిచి చూచిన తొలివారు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్, గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు.

వారు 1896లో ప్రకటించిన ప్రయోగంలో ముగ్గురు యువకులు 90 గంటలు మేలుకొని ఉన్నారు. ఆరేసి గంటలకొకసారి వారి నాడిని, కండబలాన్ని, జ్ఞాపకశక్తిని, సంకేతం అందగానే చేయి కదపటానికి పట్టే కాలాన్ని పరీక్షించారు. వారిలో మొదటివానికి రెండవ రాత్రి గడిచాక లేనివి కనిపించసాగాయి. నేలంతా జిడ్డుగా, చురుకుగా కదిలే రేణువుల పొర పరచినట్లు, అది ఒక్కొక్కప్పుడు అడుగు ఎత్తున తేలుతున్నట్లు తోచి, దానిమీదికి అడుగువేయబోయి తడబడేవాడు. జ్ఞాపకశక్తి, బలం తగ్గాయి. విచిత్రమేమంటే చూపు చురుకుదనం కొంత హెచ్చింది! ఒక రాత్రి నిండుగా నిద్రపోయేసరికి వారు ఇంచుమించు మామూలు మనుష్యులయ్యారు. పోయిన గంటలన్నీ తిరిగి నిద్రించవలసిన అవసరం కలుగలేదు.

ఇది చదివి, పరీక్షలముందు మేలుకొంటే నష్టం లేదని మన విద్యార్థులు సంబరపడవచ్చు. కాని అది కొద్ది రాత్రుల సంగతి. రోజూ కొంత కొంతగా తరిగే నిద్ర చేసే పని వేరు. 2003లో వాన్ డాంగెన్, డింగెస్ మొదలైనవారు ప్రకటించిన ప్రయోగంలో, కొందరికి 8, కొందరికి 6, మరికొందరికి 4 గంటల చొప్పున పదునాలుగు రాత్రులు పడక సమయమిచ్చారు. ఆరు గంటలు, అంతకు తక్కువ పడుకొన్నవారి పొరపాట్లు రోజురోజుకూ పేరుకొని, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివారి స్థాయికి చేరాయి. వారినడిగితే మాత్రం, తొలి రోజుల తరువాత మగత అంతగా పెరిగినట్లు చెప్పలేదు.

దీర్ఘకాలపు నిద్రలేమి రోగి సంగతి ఇంకొకటి. అతనికి పడక ఉంది, తీరిక ఉంది, నిద్రే రాదు. వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలపాటు ఇట్లా జరిగి, పగటి పనికి అడ్డువచ్చినప్పుడు వైద్యులు దానిని రోగంగా లెక్కిస్తారు. ఇక్కడ లెక్క తారుమారవుతుంది. అతడు చెప్పుకొనే బాధ పెద్దది, పరీక్షలలో తేలే లోపం తరచు చిన్నది. అంతమాత్రాన దానిని ఉత్త భ్రమ అని త్రోసివేయరాదు. ఇటువంటివారికి తరువాత కాలంలో మానసిక క్రుంగుబాటు కలిగే అవకాశం హెచ్చని పరిశీలనలు చూపాయి.

చికిత్స మరీ వింత. 1987లో స్పీల్‌మన్, అతని సహచరులు రోగులను పడకమీద గడిపే గంటలు మొదట తగ్గించుకొమ్మన్నారు. నిద్ర గట్టిపడిన కొద్దీ ఆ గంటలను కొంచెం కొంచెంగా పెంచారు.